పాఠకుల సందేహాలు: ‘స్పిన్‌స్టర్’ అనే మాట ఎక్కడిది?

ప్రశ్న: ఇంగ్లండులో 19వ శతాబ్దంలో జరిగిన ఒక పెళ్లి తాలూకు ధ్రువపత్రం నకలు చూశాను. వరుడి పేరుకు ఎదురుగా ‘బ్యాచిలర్’ అనీ, వధువు పేరుకు ఎదురుగా ‘స్పిన్‌స్టర్’ అనీ రాసి ఉంది. నిఘంటువు తీస్తే ‘స్పిన్‌స్టర్’కు మొదటి అర్థం దారం వడికే స్త్రీ అనీ, రెండో అర్థం పెళ్లికాని స్త్రీ అనీ ఉన్నాయి. ఆ పక్కనే, ఇది కించపరిచే ప్రయోగమన్న హెచ్చరిక కూడా ఉంది. ఈ మూడింటికీ పొత్తు ఎలా కుదిరింది? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ నిఘంటువు ఆ మూడింటినీ ఏ వరుసలో ఇచ్చిందో, చరిత్రలో కూడా ఆ మాట అదే వరుసలో నడిచింది. మొదట అది ఒక వృత్తి పేరు. తరువాత, స్త్రీకి పెళ్లయిందా లేదా అని దస్తావేజుల్లో తెలిపే పడికట్టు పదమైంది. ఎగతాళి అన్నిటికన్నా ఆఖరున వచ్చి చేరింది. ఇంగ్లిషు తెలిసినవారి చెవికి ఇవాళ ముందుగా తగిలేది ఆ ఆఖరి అర్థమే కనుక, ఈ మాటకు న్యాయం జరగాలంటే మొదటి అర్థం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగక తప్పదు.

‘స్పిన్’ అంటే వడకడం. దాని చివరనున్న ‘-స్టర్’ ఒకప్పటి స్త్రీలింగ ప్రత్యయం. ప్రాచీన ఆంగ్లంలో ఒక పని చేసే పురుషుణ్ణి చెప్పడానికి ఒక ప్రత్యయం, అదే పని చేసే స్త్రీని చెప్పడానికి మరో ప్రత్యయం వేరువేరుగా ఉండేవి. మొదటిది నేటి ‘బేకర్’, ‘సింగర్’ వంటి మాటల్లో ‘-ఎర్’గా మిగిలింది. రెండోదే ‘-స్టర్’గా మారింది. తెలుగులో ‘వేటకాడు’, ‘పాటకాడు’ అన్న మాటల పక్కన ‘వంటకత్తె’, ‘పాటకత్తె’ అన్న మాటలు ఉన్నట్టే, అక్కడ రొట్టెలు కాల్చే స్త్రీకీ, బట్ట నేసే స్త్రీకీ, సారా కాచే స్త్రీకీ విడివిడిగా పేర్లుండేవి. ‘స్పిన్‌స్టర్’ ఆ కుటుంబంలోనిది. అందులో పెళ్లి ప్రసక్తి ఏ కోశానా లేదు. పెళ్లయిన స్త్రీ అయినా, వితంతువు అయినా, పదేళ్ల పిల్ల అయినా వడికితే స్పిన్‌స్టరే.

మనకు దొరికే తొలి ప్రయోగాల్లో ఒకటి, విలియం లాంగ్లండ్ రాసిన ‘పియర్స్ ప్లౌమన్’ అనే 14వ శతాబ్దపు దీర్ఘకావ్యంలో ఉంది. అందులో దురాశ ఒక మనిషి రూపం దాల్చి వచ్చి, తన పాపాలన్నీ ఒప్పుకుంటాడు. తన భార్య ఉన్నిబట్టలు నేసేదనీ, దారం వడికే పనిని స్పిన్‌స్టర్లకు అప్పగించేదనీ చెబుతాడు. ఆ వెంటనే అసలు సంగతి బయటపెడతాడు. వారికి కూలి కట్టేటప్పుడు ఆమె వాడే పౌను రాయి, సరైన తూకంకన్నా పావు వంతు ఎక్కువ బరువుండేదట. అంటే వడికేవాళ్లు పౌనుంబావు దారం తెచ్చి ఇస్తే ఒక్క పౌనుకే కూలి ముట్టేది. ఈ చిన్న వివరం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఇంగ్లిషు సాహిత్యంలో ఈ మాట అడుగుపెట్టేనాటికి అది వయసు మీరిన కన్యల గుంపును సూచించడం లేదు. ఇంట్లో కూర్చుని ఒళ్లు వంచి పని చేసి, తూకంలో మోసపోయిన కూలి స్త్రీలను సూచిస్తున్నది.

ఆ పని ఎటువంటిదో తెలిస్తే మాట బరువు కూడా తెలుస్తుంది. గొర్రెల ఒంటినుంచి కత్తిరించిన ఉన్నిని కడిగి, ఆరబెట్టి, ముళ్లున్న రెండు పలకల మధ్య ఏకి, వేలెడు మందాన మెత్తని ఏకులుగా చుట్టేవారు. తరువాత వాటిని కదురుతోనో, రాట్నంతోనో వడికేవారు. ఇంగ్లండులో ఉన్నికి వాడిన పెద్ద రాట్నం దగ్గర కూర్చోవడానికి వీలు లేదు, నిలబడే వడకాలి. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో ఏకును పట్టుకుని, పోగు సాగేకొద్దీ వెనక్కి అడుగులు వేసేవారు. చెయ్యి చాచినంత మేర దారం పురిపడ్డాక చక్రాన్ని ఒక్క తిప్పు వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు నడుస్తూ ఆ దారాన్ని కదురుకు చుట్టేవారు. ఇలా ముందుకూ వెనక్కూ రోజంతా నడవాలి. పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం అయితే మగ్గం మీద తెగిపోతుంది కనుక చూపూ వేళ్లూ ఒక్క క్షణం ఏమరకూడదు. ఒక్క మగ్గం ఆగకుండా ఆడాలంటే పలువురు వడికేవాళ్లు కావాలి. అందువల్లనే బట్టల వ్యాపారులు ఉన్నిని ఇళ్లకు పంచి, దారాన్ని తిరిగి పోగుచేసుకునే పద్ధతి శతాబ్దాల తరబడి సాగింది. మధ్యయుగపు ఇంగ్లండు సంపదకు ఉన్నే ఆధారం. ఆ ఉన్ని బట్టగా మారడానికి ముందు ఈ స్త్రీల వేళ్ల మధ్యనుంచే వెళ్లేది.

ప్రశ్న: ‘గ్యాంగ్‌స్టర్’, ‘యంగ్‌స్టర్’ అన్న మాటల్లోనూ ‘-స్టర్’ ఉంది. వాటిలో స్త్రీత్వం ఏమీ లేదు కదా? (డిగ్రీ చదువుతున్న ఒక పాఠకుడు)

జవాబు: ప్రత్యయం అదే, కానీ దాని స్త్రీత్వం మధ్యలో కరిగిపోయింది. మధ్యయుగాల్లో ముందుగా ఉత్తర ఇంగ్లండులో ‘-స్టర్’ను స్త్రీ పురుషులిద్దరికీ వాడడం మొదలైంది, క్రమంగా అది దేశమంతా పాకింది. రొట్టెల తయారీ, నేత, సారా కాపు వంటి పనులు ఇళ్లనుంచి వృత్తి సంఘాల చేతుల్లోకీ, వాటితోపాటు పురుషుల చేతుల్లోకీ పోయేకొద్దీ ఆ పేర్లు కూడా పురుషుల పరమయ్యాయి. బాక్‌స్టర్, వెబ్‌స్టర్, బ్రూస్టర్ అన్న ఇంటిపేర్లు అలా మిగిలినవే. 1828లో పెద్ద అమెరికన్ నిఘంటువును ప్రచురించిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరుకు మూలార్థం ‘నేతపని చేసే స్త్రీ’ అని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

‘-స్టర్’ స్త్రీత్వాన్ని కోల్పోయాక, స్త్రీని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చినప్పుడు ఫ్రెంచి నుంచి వచ్చిన ‘-ఎస్’ను పైన అతికించారు. అందుకే కుట్టుపని చేసే స్త్రీని చెప్పే ‘సీమ్‌స్ట్రెస్’లో రెండు స్త్రీలింగ ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ‘గ్యాంగ్‌స్టర్’ 19వ శతాబ్దం చివర అమెరికాలో పుట్టిన మాట, ఆనాటికి ఈ పాత సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఒక్క ‘స్పిన్‌స్టర్’ మాత్రమే స్త్రీలింగాన్ని నేటిదాకా నిలుపుకుంది, ఎందుకంటే యంత్రాలు వచ్చేదాకా వడకడం దాదాపు పూర్తిగా స్త్రీల పనిగానే ఉండిపోయింది.

ప్రశ్న: వృత్తి పేరు వైవాహిక స్థితి పేరుగా ఎలా మారింది? పెళ్లికాని స్త్రీలు మాత్రమే వడికేవారా? (న్యాయశాస్త్రం చదివిన ఒక పాఠకురాలు)

జవాబు: పెళ్లికాని స్త్రీలు మాత్రమే వడికేవారన్న వివరణ తరచుగా వినబడుతుంది గానీ అది సగమే నిజం. వడకడం అన్ని తరగతుల, అన్ని వయసుల స్త్రీల పని. ఎంత సర్వసాధారణమైన పని అంటే, 9వ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు తన వీలునామాలో పురుష సంతతిని ‘బల్లెం వైపు’ అనీ, స్త్రీ సంతతిని ‘కదురు వైపు’ అనీ పేర్కొన్నాడు. క్రిస్మస్ పండుగ రోజులు ముగిశాక స్త్రీలు తిరిగి వడికే పనికి కూర్చునే జనవరి 7వ తేదీకి, ఉన్ని చుట్టి పట్టుకునే కర్ర పేరుమీద ఒక సరదా పేరు కూడా ఉండేది. అయితే భర్తగానీ, పొలంగానీ, దుకాణంగానీ లేని స్త్రీకి బతుకుతెరువుగా దొరికే పనుల్లో వడకడమే అన్నిటికన్నా సులభంగా దొరికేది. పెట్టుబడి అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. కనుక వడికి పొట్టపోసుకునేవారిలో ఒంటరి స్త్రీలు ఎక్కువగా కనిపించడం సహజమే. కానీ ఆ ఒక్క కారణంతోనే మాట అర్థం మారలేదు, మార్చినవారు ముఖ్యంగా న్యాయస్థానపు రాయసగాళ్లు.

1413లో, ఐదవ హెన్రీ రాజ్యానికి వచ్చిన మొదటి ఏడాదిలో, ఇంగ్లండులో ఒక శాసనం చేశారు. ఎవరిమీదనైనా నేరం మోపేటప్పుడుగానీ, దావా వేసేటప్పుడుగానీ ఆ మనిషి పేరు మాత్రమే రాస్తే చాలదనీ, అంతస్తో, హోదానో, వృత్తో, దానితోపాటు ఉండే ఊరూ చేర్చాలనీ అది నిర్దేశించింది. ఒకే పేరున్న మరొకరిని పొరపాటున పట్టుకోకుండా ఉండడం దాని ఉద్దేశం. పురుషుడి విషయంలో ఇది సులువు. నైట్ (బిరుదు పొందిన యోధుడు), జెంటిల్‌మన్ (పెద్దింటివాడు), దర్జీ, కసాయి, రైతు అంటూ అతని పనో, పుట్టుకో రాసేవారు. స్త్రీ వచ్చేసరికి భర్త ఉంటే ఫలానావారి భార్య అనీ, చనిపోతే వితంతువు అనీ రాసేవారు. ఆ రెండూ కానివారికి, వారి పనిగా అందరూ ఎరిగిన మాటను, అంటే ‘స్పిన్‌స్టర్’ను పెట్టారు. ఆ స్త్రీ నిజంగా వడికేదా లేదా అన్నది కాలక్రమాన అడగడమే మానేశారు.

ఈ మార్పు ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఇద్దరి మాటలు చాలు. సుప్రసిద్ధ న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్, పెద్దింట పుట్టిన స్త్రీని దావా పత్రంలో ‘స్పిన్‌స్టర్’ అని రాస్తే ఆ పత్రాన్ని ఆమె కొట్టివేయించవచ్చని రాశాడు. అంటే ఆయన దృష్టిలో అది ఇంకా కూలిపని పేరే, పెద్దింటి ఆడపడుచుకు తగని పేరు. 1656లో థామస్ బ్లౌంట్ తన నిఘంటువులో మాత్రం, వైకౌంట్ అనే హోదా ఉన్న ప్రభువు కూతురు మొదలుకొని ఆ కిందనున్న అవివాహితలందరికీ దస్తావేజుల్లో చేర్చే మాట ఇదొక్కటేనని తేల్చాడు. కొద్ది దశాబ్దాల తేడాలోనే తరగతిని తెలిపే మాట తరగతులన్నిటినీ ఒక్క గాటన కట్టే మాటగా మారింది. ప్రభువుల కూతురూ, పూరిగుడిసెలో వడికే పిల్లా కాగితం మీద ఒకే పేరుతో నిలబడ్డారు, ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క పోలిక భర్త లేకపోవడం.

మీరు న్యాయశాస్త్రం చదివారు కనుక దీని వెనుక ఉన్న ఆస్తి సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండు ఉమ్మడి న్యాయం (కామన్ లా) ప్రకారం పెళ్లితో స్త్రీ న్యాయ అస్తిత్వం భర్త అస్తిత్వంలో కలిసిపోయేది. భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే వ్యక్తి అని న్యాయకోవిదుడు విలియం బ్లాక్‌స్టన్ 1765లో వివరించిన సూత్రం ఇదే. వివాహిత తన పేరున ఒప్పందం చేసుకోలేదు, తానుగా దావా వేయలేదు, ఆమె సంపాదన, నగలు, నగదు భర్తవే. పెళ్లికాని వయోజన స్త్రీకి ఈ కట్టుబాట్లు లేవు. ఆమె ఇల్లు కొనవచ్చు, అమ్మవచ్చు, అప్పివ్వవచ్చు, వీలునామా రాయవచ్చు. కనుక ఒక స్త్రీనుంచి భూమి కొనేవాడికి ఆమె ఎవరన్నదానికన్నా ఆమెకు భర్త ఉన్నాడా లేడా అన్నదే ముఖ్యమయ్యేది. భర్త ఉంటే ఆమె సంతకానికి విలువ లేదు. దస్తావేజులో ‘స్పిన్‌స్టర్’ అన్న మాట ఆ కొనుగోలుదారుకు ఇచ్చే హామీ. ఇవాళ తక్కువచూపుగా వినిపించే మాట, ఆనాటి కాగితాల మీద తన ఆస్తికి తానే యజమానురాలైన స్త్రీని గుర్తించే మాట. వివాహిత స్త్రీలకు ఆ హక్కు దక్కడానికి 1870లో ఒకటి, 1882లో మరొకటి, రెండు ప్రధాన చట్టాలు కావలసి వచ్చాయి.

‘ఒంటరి స్త్రీ’ అని సూటిగా ఎందుకు రాయలేదన్న ప్రశ్న రావచ్చు. అలా కూడా రాసేవారు. కానీ ఆ మాటకు మరో నీడ ఉండేది. థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదక్‌లో, చర్చి మన్నించని వేశ్యలను పాతిపెట్టిన స్థలాన్ని ‘ఒంటరి స్త్రీల శ్మశానం’ అని పిలిచేవారని జాన్ స్టో 1598లో వెలువరించిన లండన్ వర్ణనలో నమోదు చేశాడు. ‘స్పిన్‌స్టర్’ మీద అటువంటి మచ్చ ఏదీ లేదు, అది కష్టపడి పనిచేసే మనిషి పేరు.

ప్రశ్న: మరి ఎగతాళి ఎప్పుడు మొదలైంది? (ఒక పాఠకురాలు)

జవాబు: వయసు మీరినా పెళ్లికాని స్త్రీ అన్న ప్రత్యేకార్థం 18వ శతాబ్దం తొలినాళ్లలో కనిపిస్తుంది. 1719లో రిచర్డ్ స్టీల్ ‘ది స్పిన్‌స్టర్’ పేరుతో ఒక కరపత్రం వెలువరించాడు. భారతదేశంనుంచి ఓడల్లో దిగుతున్న అద్దకపు నూలుబట్టల వల్ల ఇంగ్లండు ఉన్నిబట్టల పరిశ్రమ చితికిపోతున్నదన్నది దాని వాదన. ఆ ఏడాది నాటికి వడికే స్త్రీ అన్న అర్థం ఇంకా బతికే ఉందనడానికి ఆ పేరే సాక్ష్యం. ఆ గొడవ ముదిరి, 1721లో అద్దకపు నూలుబట్టల వాడకాన్ని చాలావరకు నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

ఆ పరిశ్రమను నిజంగా తలకిందులు చేసినవి యంత్రాలు. 1733లో జాన్ కే కనిపెట్టిన ఎగిరే నాడె నేతను వేగవంతం చేయడంతో దారానికి కరువు వచ్చింది. ఆ కరువు తీర్చడానికి 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ అనే వడికే యంత్రాలు వరుసగా వచ్చాయి. ఒక తరం గడిచేసరికి ఇళ్లలో వడికి బతికే స్త్రీల జీవనాధారం ఊడిపోయింది. ఈ మాట చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇది. పని పోయింది, పని పేరు మాత్రం మిగిలింది. ఆ పేరులో ఇక నైపుణ్యమూ లేదు, సంపాదనా లేదు, కేవలం లేని భర్త ఒక్కడే ఉన్నాడు. అటువంటి ఖాళీ పేరులోకి ఎవరికి తోచిన అపహాస్యాన్ని వారు నింపడం తేలికైపోయింది.

నిజానికి ఇంగ్లండులో పెళ్లికాని స్త్రీలు అరుదైనవారేమీ కారు. వాయవ్య ఐరోపాలో స్త్రీలు ఇరవైల మధ్యలోగానీ పెళ్లి చేసుకునేవారు కాదనీ, పదోవంతు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువమంది జీవితాంతం అవివాహితులుగానే ఉండిపోయేవారనీ జనాభా శాస్త్రవేత్త జాన్ హజ్నల్ 1965లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం చూపించింది. కానీ 1851 జనగణనలో పురుషులకన్నా స్త్రీలు లక్షల సంఖ్యలో ఎక్కువ ఉన్నారని తేలేసరికి, వారిని ఒక సమస్యగా లెక్కగట్టడం మొదలైంది. 1862లో డబ్ల్యు. ఆర్. గ్రెగ్ అనే వ్యాసకర్త ‘స్త్రీలు ఎందుకు అదనంగా ఉన్నారు’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాసి, వారిని పురుషులు ఎక్కువగా ఉన్న వలసదేశాలకు ఓడల్లో పంపాలని సూచించాడు. మనుషులను సరుకులాగా తూచి పంచాలన్న ఈ ఆలోచనకు అదే ఏడాది రచయిత్రి ఫ్రాన్సెస్ పవర్ కాబ్ దీటైన జవాబిచ్చింది. అవివాహిత జీవితాన్ని గౌరవంగా, హాయిగా బతకగలిగేటట్టు చేస్తే, స్త్రీలు గతిలేక పెళ్లిలోకి నెట్టబడకుండా ఉంటారనీ, అప్పుడే పెళ్లి కూడా ఇష్టపడి చేసుకున్నదవుతుందనీ ఆమె వాదించింది. నూటయాభై ఏళ్లు దాటినా ఆ వాదనలో ఒక్క మాట కూడా పాతబడలేదన్నది నా అభిప్రాయం.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఎగతాళి మరింత కటువైంది. 1921 జనగణనలో బ్రిటన్‌లో స్త్రీలు పురుషులకన్నా 17 లక్షలకు పైగా ఎక్కువ ఉన్నారు. ఆ స్త్రీలలో ఎందరికో భర్తలు కావలసినవారు కందకాల్లో చనిపోయి ఉండగా, పత్రికలు మాత్రం ఆ స్త్రీలనే ‘మిగులు’ అన్నాయి. అటువంటి రోజుల్లో ఈ మాటను తలెత్తుకుని వాడినవారూ ఉన్నారు. ఉన్ని మిల్లులకు పేరుపడిన బ్రాడ్‌ఫర్డ్‌లో, యుక్తవయసులో తానూ మిల్లులో పనిచేసిన ఫ్లారెన్స్ వైట్ 1935లో ‘నేషనల్ స్పిన్‌స్టర్స్ పెన్షన్స్ అసోసియేషన్’ స్థాపించింది. 1925 చట్టం వితంతువులకు పింఛను ఇచ్చింది. పెళ్లికాని స్త్రీ మాత్రం 65 ఏళ్లదాకా పనిచేస్తేగాని పింఛను అందుకోలేదు. ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి మధ్యలో పని మానుకున్నవారికి, నడివయసులో ఉద్యోగం పోయి మళ్లీ దొరకనివారికి ఆ వయసు చేరడమే గండం. తమకు 55 ఏళ్లకే పింఛను ఇవ్వాలని వారు ఊరేగింపులు తీశారు, పార్లమెంటు తలుపు తట్టారు. అడిగినంత దక్కలేదు గానీ, 1940 చట్టంతో స్త్రీల పింఛను వయసు 60కి తగ్గింది. తమను వెక్కిరించే పేరునే సంఘం పేరుగా పెట్టుకుని చట్టాన్ని కదిలించిన ఆ మిల్లు కార్మికుల సంగతి నిఘంటువుల్లో కనిపించదు, కనిపించి ఉండవలసింది.

ప్రశ్న: ‘వీవ్’ అంటే నేయడం. ‘వైఫ్’ అన్న మాట కూడా దాన్నుంచే పుట్టిందని, నేసేది వైఫ్, వడికేది స్పిన్‌స్టర్ అని ఒకచోట చదివాను. నిజమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: కాదు. వినడానికి బాగుంటుంది కనుక అది ప్రచారంలో ఉంది. ప్రాచీన ఆంగ్లంలో నేయడానికి ‘వెఫన్’ అనీ, స్త్రీకి ‘వీఫ్’ అనీ వేరువేరు మాటలు ఉన్నాయి. ‘వీఫ్’కు అసలు అర్థం భార్య కాదు, స్త్రీ అని మాత్రమే. పురుడు పోసే మంత్రసానిని చెప్పే ‘మిడ్‌వైఫ్’లోనూ, చేపలమ్మే స్త్రీని చెప్పే ‘ఫిష్‌వైఫ్’లోనూ ఆ పాత అర్థమే ఇంకా ఉంది.

ప్రశ్న: ‘బ్యాచిలర్’ అన్న మాటకు ఎగతాళి అంటలేదు. ఆ తేడా ఎందుకు? ఇప్పటికీ ఇంగ్లండు పత్రాల్లో ఈ మాటలు వాడుతున్నారా? (ఒక పాఠకురాలు)

జవాబు: ‘బ్యాచిలర్’ మొదట్లో, మరో యోధుడి జెండా కింద నడిచే కుర్ర నైట్‌కు పేరు. విశ్వవిద్యాలయంలో మొదటి పట్టా పొందినవాడికి కూడా ఆ పేరే స్థిరపడింది. పెళ్లికానివాడన్న అర్థం 14వ శతాబ్దం చివరికే ఉంది. ఆ మూడు అర్థాల్లోనూ ఇంకా ఎదగవలసిన యువకుడు కనిపిస్తాడు, ముందున్న దారి కనిపిస్తుంది. పైగా పురుషుడి బతుకుతెరువుకూ, అతని పెళ్లికీ చట్టం ముడిపెట్టలేదు కనుక, పెళ్లి కాకపోవడం అతని విషయంలో లోటుగా కాక ఎంపికగా చలామణి అయింది. తేడా రెండు మాటల్లో లేదు, ఆ ఇద్దరికీ సమాజం వదిలిపెట్టిన దారుల్లో ఉంది.

ఇక పత్రాల సంగతి. ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 జూలై 1న పౌర నమోదు మొదలైనప్పుడు వివాహ పత్రంలో వైవాహిక స్థితికి ఒక గడి, వృత్తికి మరో గడి ఏర్పాటు చేశారు. వరుడికి రెండు గడులూ నిండేవి. వధువుకు మొదటి గడిలో ‘స్పిన్‌స్టర్’ అని రాసి, రెండోదాన్ని చాలాసార్లు ఖాళీగా వదిలేసేవారు, ఆమె మిల్లులోనో, ఇంటిపనిలోనో కూలికి చేస్తున్నా సరే. ఒకప్పుడు తానే ఒక వృత్తి పేరైన మాట, వృత్తి గడికి పక్కనుండగా ఆ గడి ఖాళీగా ఉండడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. 2005 డిసెంబరులో స్వలింగ జంటల బంధాన్ని గుర్తించే పౌర భాగస్వామ్య చట్టం అమలులోకి వచ్చినప్పుడు అధికారిక పత్రాల్లోంచి ‘బ్యాచిలర్’, ‘స్పిన్‌స్టర్’ రెండింటినీ తీసివేసి, ఇద్దరికీ ‘సింగిల్’ అన్న ఒకే మాట పెట్టారు. చర్చిలో పెళ్లికి ముందు చదివే ప్రకటనల్లో మాత్రం పాత మాటలు ఇప్పటికీ వినిపిస్తుంటాయి. జీవించి ఉన్న ఏ స్త్రీ గురించీ ఈ మాట వాడవద్దని నా సలహా. తన గురించి తాను అనుకుంటే అది ఆమె ఇష్టం.

ప్రశ్న: 1500ల చివరినాటి ఇంగ్లండు నేరవిచారణ పత్రాల అచ్చుప్రతులు చదువుతున్నాను. ఒకే స్త్రీని ఒకచోట ‘స్పిన్‌స్టర్’ అనీ, మరోచోట ఫలానావాడి భార్య అనీ రాశారు. రాయసగాడు తప్పు చేశాడా? (చరిత్ర పరిశోధన చేస్తున్న ఒక పాఠకుడు)

జవాబు: తప్పనుకోనక్కరలేదు. 16, 17 శతాబ్దాల అభియోగపత్రాల్లో వివాహితలను ‘స్పిన్‌స్టర్’ అని రాయడం పదే పదే కనిపిస్తుంది. ఈ విషయం మీద 1970లలో న్యాయచరిత్రకారుల మధ్య చక్కని చర్చ కూడా జరిగింది. అందులో జె. హెచ్. బేకర్ వ్యాసానికి ‘మగ స్పిన్‌స్టర్లు, పెళ్లయిన స్పిన్‌స్టర్లు’ అన్న అర్థం వచ్చే శీర్షిక ఉంది. పైన చెప్పిన 1413 శాసనం ప్రకారం పేరు పక్కన ఏదో ఒక గుర్తింపు ఉండితీరాలి, అది లేకపోతే అభియోగమే వీగిపోయే ప్రమాదం ఉంది. వృత్తిపేరుగా ఆ మాట అప్పటికి ఇంకా చెల్లుబాటులో ఉంది. పైగా భర్త బలవంతం మీద నేరం చేసిందన్న వాదనకు భార్య విషయంలో చట్టం కొంత చోటిచ్చేది కనుక, ఆమెను భార్య అని రాశారా, స్పిన్‌స్టర్ అని రాశారా అన్నదాన్ని ఆ పత్రాల్లో ఏమరుపాటున దాటిపోకూడదు. ఆ కాలపు పత్రాల్లో ఈ మాట ఒక్కటే చూసి ఆమెకు పెళ్లికాలేదని నిర్ణయించకండి. అదే పత్రంలోని మిగతా వాక్యాలనూ, ఊరి చర్చి వివాహ నమోదులనూ, భర్త పేరున్న వీలునామా ఏదైనా ఉంటే దాన్నీ పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. 1700 దాటిన దస్తావేజుల్లో అయితే ఆమె అవివాహిత అనే అర్థాన్ని దాదాపు నిస్సందేహంగా తీసుకోవచ్చు. కానీ ఆమె వయసెంతో, ఏ పనిచేసి బతికేదో మాత్రం ఆ మాట చెప్పదు, దానికి వేరే ఆధారం వెతకవలసిందే.